ముప్పై నాలుగు పేర్లు

"పేషెంట్ కా నామ్?"

రిజిస్టరు తెరిచి, పెన్ను పట్టుకుని అడిగింది నర్సు.

హరికిరణ్ స్ట్రెచర్ వైపు చూశాడు.

మే నెల, ఒంటిగంట ఎండ. ఈ హిందీ మాట్లాడే ఊరి చివర, బాగ్‌బేరా దాటాక ఇనుప గేట్లూ దూలాలూ తయారుచేసే ఒక షెడ్డులో అతను ఇంజనీరు. ఇరవై నిమిషాల కిందట అక్కడొక వెల్డరు నిలబడ్డచోటే కూలిపోయాడు. హరికిరణ్ ఎవరికోసమూ ఎదురుచూడలేదు. మనిషిని భుజాన వేసుకుని తన కారులో పడుకోబెట్టి, దగ్గర్లో ఉన్న ట్రస్టు క్లినిక్‌కి తీసుకొచ్చేశాడు. అంతవరకూ బాగానే ఉంది.

"హమారే షెడ్ కా వెల్డర్ హై," అన్నాడు.

"వెల్డర్ తో కామ్ హై, నామ్ నహీ. నామ్?"

అతను తల గోక్కున్నాడు.

"కిత్‌నే దిన్ సే కామ్ కర్ రహా హై ఆప్‌కే పాస్?"

"ఆఠ్ మహీనే."

ఆమె తలెత్తి ఒకసారి చూసింది. పేరు రాయాల్సిన గళ్లో 'తెలియదు' అని హిందీలో రాస్తూ తనలో తాను తెలుగులో గొణుక్కుంది. "ఎనిమిది నెలలట! వెల్డింగ్ మిషన్ పేరడిగితే మోడల్ నంబర్‌తో సహా చెప్తాడు."

"నాకు తెలుగు వచ్చండి," అన్నాడు హరికిరణ్.

పెన్ను ఆగింది. ఒక్క క్షణమే.

"మంచిదే. హిందీలో మళ్లీ చెప్పే పని తప్పింది," అని సెలైన్ బాటిల్ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఆ మనిషి లేచి కూర్చున్నాడు. హరికిరణే కారులో ఇంటి దగ్గర దింపాడు. దారిలో పేరు అడుగుదామనుకున్నాడు. ఎనిమిది నెలల తర్వాత అడిగితే ఏమనుకుంటాడోనని సిగ్గేసింది. అడగలేదు.

అతనికి చిన్నప్పటినుంచీ అంతే. పేర్లు ఈ చెవిలో దూరి ఆ చెవిలోంచి పోతాయి. అందుకే మగవాళ్లందరినీ 'భయ్యా' అనీ ఆడవాళ్లందరినీ 'మేడమ్' అనీ పిలుస్తూ ఇరవై తొమ్మిదేళ్లు నెట్టుకొచ్చేశాడు.

* * *

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం. కద్మాలోని ఇంటి నుంచి పెళ్లిచూపులకి బయల్దేరిన కారు బాగ్‌బేరా వైపు వెళుతోంది. తండ్రి భీమశంకర్ నడుపుతున్నాడు. ముందు సీట్లోంచి తల్లి సూర్యకాంతం వెనక్కి తిరిగింది.

"అమ్మాయి పేరు ఇంద్రాణి. గుర్తెట్టుకో. వాళ్ల నాన్న గోవిందరావు గారు రైల్వేలో గార్డు సేసి రిటైరయ్యారు. తల్లి నేదు. ఇంటన్నావేట్రా?"

"ఊఁ," అన్నాడు హరికిరణ్ ఫోన్లో డ్రాయింగు చూసుకుంటూ.

"పేరేటన్నాను?"

"అదేనమ్మా... చెప్పావుగా."

గోవిందరావు గారిల్లు చిన్నదే కానీ అద్దంలా ఉంది. పెద్దవాళ్లు వానలు ఎప్పుడు పడతాయన్న దగ్గర్నుంచి రైళ్ల ఆలస్యం దాకా వచ్చేసరికి లోపల్నుంచి టీ ట్రేతో అమ్మాయి వచ్చింది. నీలం చీర. జడలో ఏ పూలూ లేవు. హరికిరణ్ కప్పు అందుకుంటూ తలెత్తాడు.

ఆ నర్సే.

ఆమె కూడా గుర్తుపట్టింది. కళ్లు కొంచెం చిన్నవయ్యాయి. వెళ్లి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఏటైనా మాటాడుకుంటే మాటాడుకోండి బాబూ," అన్నారు గోవిందరావు. "సిగ్గు పడకండి. మా అమ్మాయైతే పడదులెండి."

"నాదొకటే ప్రశ్న," అందామె. "నా పేరేమిటండి?"

పెద్దవాళ్లు సరదాగా నవ్వారు. హరికిరణ్ నవ్వలేదు. ఏదో 'ఇంద్ర' ఉంది, అంతవరకూ తెలుసు.

"ఇంద్ర..."

"ఊఁ?"

"ఇంద్రజ."

సూర్యకాంతం చేతిలో కప్పు సాసరుకి తగిలి టంగుమంది.

"దగ్గర్లోకొచ్చారు," అంది ఆ అమ్మాయి. "కానీ నరం పక్కన గుచ్చితే దాన్ని ఇంజెక్షన్ అనరు కదా."

"ఇందూ! తప్పమ్మా."

"నాన్నా, ఒక్క నిమిషం." ఆమె మళ్లీ హరికిరణ్ వైపు తిరిగింది. గొంతులో ఎగతాళి పోయింది. "నా పేరంటే నిన్నో మొన్నో విన్నారు, మర్చిపోయారు. పర్లేదు. ఆ రోజు మీ కారులో తీసుకొచ్చారే, ఆయన పేరు?"

హరికిరణ్ కప్పు కింద పెట్టాడు.

"అడగలేదు," అన్నాడు హరికిరణ్.

"మూడు వారాలైంది."

"అవును."

ఆమె లేచి నిలబడింది. "టీ చల్లారిపోతోంది, తాగి వెళ్లండి. ఈ సంబంధం నాకొద్దు నాన్నా."

తిరుగుదారిలో జుగ్సలాయి రైలు గేటు పడింది. కారు ఆగేసరికి సూర్యకాంతం ఒక్కసారిగా మొదలెట్టింది.

"ఎంత పొగరో పిల్లకి! పేరు మర్సిపోతే ఉరేసేత్తారేటి? నలుగుర్లో నా కొడుకుని అలాగ నిలబెట్టేత్తాదా?"

"అమ్మా, ఆవిడ నన్ను నిలబెట్టింది తన పేరు గురించి కాదు," అన్నాడు హరికిరణ్ మెల్లగా.

"మరి దేని గురించి?"

అతను ఫోన్ జేబులో పెట్టేశాడు. సోమవారం కోసం చూస్తున్నాడు.

* * *

సోమవారం ఎనిమిదింటికి తిన్నగా ఆ వెల్డరు దగ్గరికి వెళ్లాడు.

"ఆప్‌కా నామ్ క్యా హై?"

ఆ మనిషి చేతిలోని వెల్డింగు ముసుగు కింద పెట్టేశాడు. మొహం పాలిపోయింది. "సాబ్, కుఛ్ గల్తీ హో గయీ?" అన్నాడు, ఏదో తప్పుకి ఉద్యోగం పోయిందేమోనన్న భయంతో.

"అలాంటిదేం లేదు. పేరే అడుగుతున్నాను. ఎప్పుడో అడగాల్సింది," అని హిందీలో చెప్పాడు హరికిరణ్.

"సుక్‌రామ్. సుక్‌రామ్ హేంబ్రమ్, సాబ్."

ఆ షెడ్డులో మొత్తం ముప్పై నలుగురు. ఆ రోజు భోజనాల వేళలోపల ముప్పై నాలుగు పేర్లూ ఒక నోటుపుస్తకంలో రాసేసుకున్నాడు. గుర్తుండడానికి ఒక్కొక్కరి పక్కనా ఒక్కో ఆనవాలు రాశాడు. మీసాలు - సూరజ్. ఎర్ర తువ్వాలు - లఖీందర్. బట్టతల - ధనేశ్వర్.

మర్నాడు పొద్దున్న గేటు దగ్గర ఎర్ర తువ్వాలు కనపడగానే ఉత్సాహంగా, "లఖీందర్! క్యా హాల్ హై?" అన్నాడు.

ఆ మనిషి వెనక్కి చూశాడు. వెనకాల పచ్చ తువ్వాలుతో వస్తున్న అసలు లఖీందర్ నవ్వాడు.

"సాబ్, గమ్‌ఛా బదల్ గయా. ఆద్మీ నహీ." మారింది తువ్వాలే, మనిషి కాదని.

షెడ్డంతా నవ్వింది. హరికిరణ్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ నోటుపుస్తకం మూయలేదు. ఆ వారమంతా తప్పులు చేస్తూనే పిలిచాడు. శనివారానికి ఆరు పేర్లు నిలిచాయి.

ఆ శనివారమే తొలకరి పడింది. వానలో తడుస్తూ క్లినిక్ వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. ఇంద్రాణి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఏమైంది? మళ్లీ ఎవరైనా పడిపోయారా?"

"సుక్‌రామ్ హేంబ్రమ్," అన్నాడు హరికిరణ్. "ఆ రోజు నేను తీసుకొచ్చిన ఆయన పేరు. మీరు అడిగారు. మీ పేరు ఇంద్రాణి."

"ఇది చెప్పడానికి ఇంత వానలో వచ్చారా?"

"అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది."

ఆమె నవ్వు ఆపుకుంది. పూర్తిగా ఆగలేదు. "మీ షెడ్డులో మొత్తం ఎంతమంది ఉంటారు?"

"ముప్పై నలుగురు. ఆరుగురి పేర్లు వచ్చాయి. మిగతావి రాసుకున్నా నిలవట్లేదు. నాకు మతిమరుపండి."

"మీ డ్రాయింగుల్లో కొలతలు మర్చిపోతారా?"

"లేదు."

"అయితే మతిమరుపు కాదు. ఎదుటివాళ్లు పేరు చెప్తున్నప్పుడు మీరు తర్వాత ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తుంటారు. మర్చిపోవట్లేదు, అసలు వినట్లేదు." ఆమె స్తంభానికి ఆనుకుంది. "పేరు చెప్పగానే మీరూ ఒకసారి పైకి అనండి. ఆ మనిషి గురించి ఇంకొక్క మాట అడగండి. అయినా మర్చిపోతే సిగ్గుపడకుండా మళ్లీ అడగండి. అంతే, ఇంకే మంత్రమూ లేదు."

"వచ్చే శనివారం వచ్చి ఎన్ని వచ్చాయో చెప్పొచ్చా?"

"నేను స్కూలు టీచర్‌ని కాదు."

"వద్దంటున్నారా?"

ఇంద్రాణి వానకేసి చూసింది. "గొడుగు తెచ్చుకోండి," అంది.

* * *

అలా శనివారాలు మొదలయ్యాయి. ఆరు పదకొండయ్యాయి. పదకొండు పద్దెనిమిదయ్యాయి. ఒక శనివారం నాలుగు పెరిగి రెండు జారిపోయాయి.

"ఇలాగైతే మీ పిల్లల పెళ్లిళ్ల నాటికి పూర్తవుతుంది," అందామె.

"ఎవరితో కలిగే పిల్లలు?" అన్నాడతను అమాయకంగా.

"అది మీరు చూసుకోవాలి. కనీసం ఆవిడ పేరైనా గుర్తుంచుకోండి."

అలాంటి ఒక సాయంత్రం హరికిరణ్ అడిగాడు. "మీకు ఇక్కడికొచ్చే ప్రతి పేషెంట్ పేరూ ఎలా గుర్తుంటుంది?"

ఇంద్రాణి బయటికి చూసింది. వరండా చూరు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి.

"మా అమ్మని వేరే ఊళ్లో పెద్దాసుపత్రిలో చేర్చారు. నాకప్పుడు పదహారేళ్లు. పదకొండు రోజులు ఉంది. అందరూ 'పద్నాలుగో బెడ్' అనేవాళ్లు. పద్నాలుగుకి మందులిచ్చారా, పద్నాలుగు ఏమైనా తిందా అని. మంచివాళ్లే, కోపంతో కాదు. చివరి రోజు ఊడ్చడానికొచ్చిన ఆయా ఒకామె అమ్మని పేరు పెట్టి పిలిచింది. అమ్మ అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకునుంది. ఇటు తిరిగి నవ్వింది. నేనక్కడే ఉన్నాను."

హరికిరణ్ 'అయ్యో' అనలేదు. సారీ అనలేదు.

"మీ అమ్మగారి పేరేమిటి?" అని అడిగాడు.

"శాంత."

"శాంత గారు," అన్నాడతను. "ఆవిడకి ఏం ఇష్టం?"

ఇంద్రాణి అతనికేసి తిరిగి చూసింది. ఆ ప్రశ్న చాలా ఏళ్లుగా ఎవరూ అడగలేదు.

"సాక్చి బజార్లో బేరమాడ్డం," అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

* * *

జులై చివరి శనివారం. పేర్లు ఇరవై ఐదయ్యాయి. హరికిరణ్ క్లినిక్ వరండాలో నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల అతని ఫ్రెండు అభినవ్.

"ఇంకో తొమ్మిదేరా. తొమ్మిది పేర్లు వచ్చేశాయంటే పేపరు పాస్. అప్పుడు కాదనడానికి ఆవిడ దగ్గర కారణమే ఉండదు. ఫుల్ మార్క్స్!"

నవ్వుతూ వెనక్కి తిరిగాడు. ఇంద్రాణి రెండడుగుల దూరంలో ఉంది. చేతిలో రెండు టీ గ్లాసులున్నాయి.

"ఆ తొమ్మిది మందికీ తెలుసా?" అందామె. "వాళ్లు మీ పెళ్లికి మార్కులని?"

"ఇంద్రాణీ, అది సరదాకి..."

"నేను అవునంటే ఆ మర్నాటినుంచి సుక్‌రామ్ మళ్లీ 'భయ్యా' అయిపోతాడు. అంతేగా? మీకు వాళ్లు మనుషులు కారు. నా దగ్గరికి రావడానికి మెట్లు."

ఆమె గ్లాసులు గోడమీద పెట్టింది. గట్టిగా పెట్టలేదు. అదే అతనికి ఎక్కువ తగిలింది.

"శనివారాలు ఇంక రాకండి."

హరికిరణ్ కారులో కూర్చుని నోటుపుస్తకం తీశాడు. ఇరవై ఐదు పేర్ల పక్కన ఇరవై ఐదు టిక్కులు. ఎవరు చూసినా పరీక్ష పేపరే అనుకుంటారు. ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ముందు అది కోపం తెప్పించింది. తర్వాత సిగ్గేసింది. చాలాసేపటికి గానీ ఒక సంగతి తేలలేదు: రేపు ఆమె కనిపించినా కనిపించకపోయినా, సోమవారం ఆ షెడ్డుకి వెళ్లాలనే ఉంది. లఖీందర్ కొడుక్కి కబడ్డీ మ్యాచి అయింది, ఏమైందో కనుక్కోవాలి.

నోటుపుస్తకాన్ని ఆఫీసు సొరుగులో పడేసి మళ్లీ తీయలేదు.

ఆ సోమవారం నుంచి క్యారేజీ పట్టుకుని షెడ్డులోకే వెళ్లి వాళ్లతో కూర్చుని తిన్నాడు. మొదటి రోజు ఎవరూ మాట్లాడలేదు. రెండో రోజు ధనేశ్వర్ ఒక ఉల్లిపాయ చితక్కొట్టి సగం ఇతని పళ్లెంలో వేశాడు. వారం తిరిగేసరికి ఒకరి మాటలో ఒకరు అడ్డుపడి కబుర్లు చెప్పడం మొదలెట్టారు. ఎవరి ఊరెక్కడో, ఎవరి అమ్మకి కళ్లు కనపడవో, ఎవరు పిల్లనగ్రోవి వాయిస్తారో అతనికి తెలిసింది. పేర్లు వాటంతటవే వచ్చి మనుషుల పక్కన కూర్చున్నాయి.

శనివారాలు మాత్రం బరువుగా గడిచేవి. రెండుసార్లు కారు క్లినిక్ వైపు తిప్పాడు. వద్దందని గుర్తొచ్చి వెనక్కి తిప్పుకున్నాడు.

* * *

సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున్న సుక్‌రామ్ క్లినిక్‌కి వచ్చాడు. ఇంద్రాణి బీపీ చూస్తోంది.

"సాబ్ నే భేజా," అన్నాడతను. ఎండదెబ్బ తగిలిన మనిషివి, నెలకోసారి చూపించుకోమని సాబే పంపాడట.

"ఏ సాబ్?" తెలిసే అడిగింది.

ఇంక సుక్‌రామ్ ఆగలేదు. షెడ్డు యజమాని అందరి హెల్మెట్ల మీదా నంబర్లు వేయిద్దామన్నాడట. సాబ్ ఒప్పుకోలేదట. నంబర్లెందుకు, పేర్లు రాయించండని మూడు రోజులు పోట్లాడాడట. చివరికి యజమాని విసుగెత్తి సరే అన్నాడట. చైబాసా హాస్టల్లో చదువుతున్న తన కూతురు ఫూల్‌మణికి పరీక్షలెప్పుడో తనకన్నా సాబ్‌కే బాగా గుర్తట.

"హెల్మెట్ మీద పేరుంటే చూసి చదివేస్తాడుగా మీ సాబ్?" అంది ఇంద్రాణి హిందీలో.

సుక్‌రామ్ పకపకా నవ్వాడు. "పేరు వెనకవైపు రాసుంది దీదీ. సాబ్ ఎదురుగా వస్తాడు!"

అతను వెళ్లాక ఇంద్రాణి బీపీ మిషన్ మడతపెడుతూ చాలాసేపు కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఆ సాయంత్రం డాక్టరుగారికి చెప్పి అరగంట ముందే బయల్దేరింది.

ఐదింటికి షెడ్డు గేటు తెరుచుకుంది. ఎదురుగా టీ బడ్డీ పక్కన గొడుగు వేసుకుని నిలబడిందామె. హరికిరణ్ గేటు దగ్గరున్నాడు. హెల్మెట్లు లోపల పెట్టేసి పనివాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు.

"సూరజ్, కల్ జల్దీ ఆనా." "లఖీందర్, కబడ్డీ మే బేటా ఫిర్ జీత్ గయా, మిఠాయి కహాఁ?" "సుక్‌రామ్, బీపీ కిత్‌నా?"

ఎవరినీ వదల్లేదు. ఇంద్రాణి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. చివర బట్టతల పెద్దాయన వచ్చాడు. హరికిరణ్ ఆగిపోయాడు. నుదురు రుద్దుకున్నాడు.

"చాచా, మాఫ్ కర్‌నా. మీ పేరు మళ్లీ పోయింది."

"ధనేశ్వర్! చౌథీ బార్, సాబ్," అంటూ నాలుగు వేళ్లు చూపించాడు.

"తీస్‌రీ," అని హరికిరణ్ మూడు వేళ్లు చూపించాడు.

"చౌథీ!" అంటూ ఆ పెద్దాయన అతని భుజం తట్టి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

"ముప్పై మూడూ, ఇంకో సగం," అంది వెనకనుంచి ఒక గొంతు.

హరికిరణ్ గిరుక్కున తిరిగాడు.

"పూర్తి మార్కులు రాలేదండి," అన్నాడు.

"మార్కులు వేయడానికి రాలేదు. ఆ రోజు నేనన్న మాట సగం నిజం. మిగతా సగం తప్పు. అది చెప్పడానికొచ్చాను." ఆమె గొడుగు అతనివైపు కొంచెం వంచింది. "రెండు నెలలు రాలేదేం?"

"మీరు రావద్దన్నారు."

"నేనన్న ప్రతి మాటా వినేస్తారా?"

"వినడం నేర్పింది మీరే."

వాన కొంచెం పెరిగింది. ఇద్దరికీ ఒక గొడుగు సరిపోవడం లేదు. ఎవరూ కదల్లేదు.

"ఇంద్రాణీ, అబద్ధం చెప్పను. మొదలెట్టింది మీకోసమే. తర్వాత అది మీకోసం కాకుండా పోయింది. ఇప్పుడు అడగబోయేది మాత్రం పూర్తిగా నాకోసం. మీరు వద్దన్నా రేపు పొద్దున్న ఈ గేటు దగ్గర ఇలాగే ఉంటాను. కానీ అవునంటే చాలా సంతోషంగా ఉంటాను. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె తల దించుకోలేదు. "మీ అమ్మగారు?"

"మీ పేరెత్తితే టీవీ సౌండు పెంచుతుంది."

"ఆవిడ కోపం నావల్ల వచ్చింది. నేనే వస్తాను. మీరు మధ్యలో ఒక్క మాట మాట్లాడకూడదు."

"ఇంతకీ నాకు జవాబు?"

"ఇష్టం లేని ఇంటికి క్షమాపణ చెప్పడానికి ఎవరైనా వెళ్తారా?" అని గొడుగు అతని చేతిలో పెట్టి, తడుస్తూనే ఆటో ఎక్కేసింది.

* * *

ఆదివారం పొద్దున్న కద్మాలో కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీసిన సూర్యకాంతం గుమ్మంలో ఇంద్రాణినీ, వెనకాల గొడుగు దులుపుకుంటున్న గోవిందరావునీ చూసి నోరు బిగించింది. కూర్చోమనలేదు. పొమ్మనీ అనలేదు.

"నాన్నా, నువ్వు కూర్చో," అంది ఇంద్రాణి.

"కూకుంటాలే," అని గోవిందరావు భీమశంకర్ పక్కన కుర్చీలో కూర్చున్నారు. హరికిరణ్ గోడకి అతుక్కుపోయాడు.

"ఆవేళ టీ తాగి ఎల్పొమ్మన్నావ్," అంది సూర్యకాంతం. "ఇప్పుడు నువ్వే వచ్చేవేటి?"

"అవునండి, అన్నాను. అడిగిన మాట సరైందేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. అడిగిన చోటే తప్పు. మా ఇంటికి వచ్చిన మిమ్మల్ని అలా పంపకూడదు. ఆ తప్పు నాది. క్షమించమని అడగడానికి వచ్చాను."

"సెమించకపోతే?"

"వచ్చే ఆదివారం మళ్లీ వస్తాను."

"అప్పుడూ కాదంటేనో?"

"ఆ పై ఆదివారం వస్తాను. నాకు ఆదివారాలు సెలవేనండి."

భీమశంకర్ పేపరు దించాడు. "ఒప్పేసుకో సూర్యం. మనకి ఆదివారాలు కావాలి."

గోవిందరావు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. సూర్యకాంతం పెదాల చివర ఏదో కదిలింది. దాన్ని దాచడానికి కొడుకు వైపు తిరిగి గదమాయించింది.

"ఏట్రా, నువ్వేటీ మాటాడవా?"

"మాట్లాడొద్దందమ్మా."

"ఆహా! అప్పుడే!" సూర్యకాంతం నడుమున చేతులు పెట్టుకుని ఇంద్రాణిని పైనుంచి కిందికి చూసింది. ఈసారి ఎక్కువసేపే చూసింది. "నీకు కోపం జాస్తి. నాకూ జాస్తే. ఈ ఇంట్లో ఇద్దరం ఎలా ఇముడుతామో సూడాల. రా, వంటింట్లోకి రా. పెసరట్లు ఏత్తన్నాను. అల్లం పచ్చడి ఏ డబ్బాలో ఉంటాదో నీకు తెలియాల కదా."

ఆవిడ లోపలికి నడిచింది. ఇంద్రాణి వెంటనే కదల్లేదు. వరండా వైపు రెండడుగులు వేసి, ఎవరికీ కనపడని చోట నిలబడి ఊపిరి వదిలింది. హరికిరణ్ వెనకే వచ్చాడు.

"అంత ధైర్యంగా ఎలా మాట్లాడారు?" అన్నాడు గుసగుసగా.

"ధైర్యమా?" ఆమె రెండు చేతులూ ముందుకు చాపింది. "చూడండి."

వేళ్లు గడగడా వణుకుతున్నాయి. హరికిరణ్ ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. లోపల్నుంచి పెనం మీద పిండి పడిన చప్పుడూ, "ఇందూ, వత్తన్నావా?" అన్న సూర్యకాంతం పిలుపూ ఒకేసారి వినిపించాయి.

"వస్తున్నానండీ," అంది ఇంద్రాణి. కానీ చేతులు వణకడం మానేదాకా వెనక్కి తీసుకోలేదు.